చన్నీళ్ల స్నానం, వేడి–చల్లని తొట్లు: ఆదిలాబాదులో నా అనుభవం

2024 ఆగస్టు రెండో వారంలో, వాన పడుతుండగా బ్యాంకు మెట్లు దిగుతూ కుడి చీలమండ బెణికించుకున్నాను. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలింది కాని, దసరా వెళ్లిపోయినా సాయంత్రమయ్యేసరికి చీలమండ ఉబ్బడం, చెప్పు పట్టీ అచ్చు పడటం మానలేదు. అక్టోబరు మూడో వారంలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. బ్యాంకు మూసేశాక వెళ్లేదాన్ని కనుక ప్రతిసారీ ముప్పావు గంటైనా కూర్చోవలసి వచ్చేది. ఒక్కో సిట్టింగుకు నాలుగు వందలు తీసుకునేవారు. వ్యాయామాలు నేర్పాక ఆయన, ఇంట్లో రోజూ సాయంత్రం కాంట్రాస్ట్ బాత్ చేసుకోమన్నారు. కాలిని కాసేపు వేడినీళ్లలో, కాసేపు చల్లనీళ్లలో మార్చి మార్చి పెట్టడమే దాని సారాంశం. చన్నీళ్లతో నా పరిచయం అలా కాలి నుంచి మొదలై, కార్తీకమాసం పుణ్యమా అని వీపుదాకా వచ్చింది.

ఆయన చెప్పిన కొలతలు ఇవి: వేడి తొట్టి 38 నుంచి 40 డిగ్రీలు, చల్లని తొట్టి 15 డిగ్రీల చుట్టుపక్కల, వేడిలో మూడు నిమిషాలు, చల్లదనంలో ఒక నిమిషం, వేడితో మొదలుపెట్టి, వాపు ఉంది కనుక చల్లదనంతో ముగించాలి, మొత్తం ఇరవై నిమిషాలు మించకూడదు. చెప్పినంత తేలిగ్గా ఇది ఇంట్లో కుదరదు. బజారులో మోకాలి కిందిదాకా లోతున్న రెండు ప్లాస్టిక్ టబ్బులు మూడు వందల అరవైకి, నీళ్ల వేడి చూసే థర్మామీటరు రెండు వందల యాభైకి కొన్నాను. రెండు విడతలు గడిచేసరికి వేడి టబ్బు 36కు దిగిపోతుంది, చల్లని టబ్బు కాలి వేడికి 18 దాటుతుంది. అందుకని పక్కన కెటిల్‌లో కాగిన నీళ్లు ఉండాలి, వాటిని పోసేముందు కాలు బయటికి తీయాలి. ఫ్రిజ్ ట్రేలోని ఐసు ముక్కలు ఒక టబ్బుకు ఏ మూలకూ చాలవు. చేపల మార్కెట్టు దగ్గర ఇరవై రూపాయలకు ఐసుగడ్డ దొరికింది కాని, దానికి అంటుకున్న ఊకను కుళాయి కింద కడిగేసరికే పావు వంతు కరిగిపోయింది.

మొదటిసారి కాలిని వేడిలోంచి తీసి చల్లనీళ్లలో పెట్టినప్పుడు కలిగింది చల్లదనం కాదు, నొప్పి. చీలమండ ఎముక చుట్టూ బిగించి పిండినట్టు అనిపించి, అరనిమిషం గడిచాక తిమ్మిరిగా మారి ఊరుకుంది. మళ్లీ వేడిలో పెట్టగానే పాదమంతా సూదులు గుచ్చినట్టు చిమచిమలాడింది. అంతా అయ్యాక చూసుకుంటే మోకాలి కింద గీత గీసినట్టు, నీళ్లు తగిలినంత మేర చర్మం ఎర్రగా ఉంది. ఆ తరువాత గంటసేపు కాలు తేలిగ్గా ఉండేది, ఆ గంటలోనే వ్యాయామాలు చేసుకోమని ఆయన గట్టిగా చెప్పారు. "నీళ్లు నయం చెయ్యవు మేడమ్, వ్యాయామం చెయ్యడానికి కాలును ఒప్పిస్తాయి, అంతే" అన్నారు. చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుని విప్పారుతాయి కాని, ఆ వేడీ చల్లదనం లోపలి కండరానికి పెద్దగా చేరవని కూడా ఆయనే చెప్పారు. ఇది విని మా బ్యాంకులో ఒకాయన, మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గిందని చెప్పి, తనకూ ఈ స్నానం పనికొస్తుందేమో అడగమన్నారు. ఫిజియోథెరపిస్టు ససేమిరా వద్దన్నారు. స్పర్శ తెలియని కాలికి వేడినీళ్లు ఎంత వేడో తెలియదు, బొబ్బ లేచాక గాని సంగతి బయటపడదు.

ఇంతలో దీపావళి వచ్చింది, అత్తయ్యగారు కోనసీమ నుంచి మా దగ్గరికి వచ్చారు. డెబ్బై దాటిన ఆవిడ ఏటా కార్తీకమాసంలో తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేస్తారు. నాకు చలికాలం వస్తే ఒక జలుబు తగ్గకముందే ఇంకొకటి పట్టుకుంటుంది. ఈసారి ఆవిడతో పాటు నేనూ చేసి చూస్తానన్నాను. మా ఫిజీషియన్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దని మావారు పట్టుబట్టారు. అక్టోబరు 29న ఉదయం పదింటికి టోకెన్ తీసుకుంటే ఒంటిగంటకు పిలుపు వచ్చింది. ఫీజు నాలుగు వందలు, ఈసీజీకి మూడు వందలు. ఛాతీలో నొప్పి గాని గుండెదడ గాని వస్తుందా, చలికి వేళ్లు తెల్లబడతాయా, చన్నీళ్లు తగిలితే దద్దుర్లు లేస్తాయా అని ఒక్కొక్కటే అడిగి, నాకు సరేనన్నారు. ఎనిమిదేళ్లుగా రక్తపోటు మాత్రలు వేసుకుంటూ కూడా అంకెలు నిలకడగా లేని మావారికి మాత్రం వద్దనేశారు. చన్నీళ్లు ఒక్కసారిగా ఒంటిమీద పడితే గుండె వేగం, రక్తపోటు రెండూ ఆ క్షణంలోనే ఎగబాకుతాయట. ఈ ప్రయోగంలో మావారి వంతు, ఐదింటికి లేచి మా ఇద్దరికీ కాఫీ కలపడం దగ్గర ఆగింది.

నవంబరు 2, శనివారం, కార్తీక శుద్ధ పాడ్యమి. నేను షవరు కింద నిలబడి కుళాయి తిప్పబోతుంటే తలుపు అవతలి నుంచి అత్తయ్యగారు, "ముందే నెత్తిన పోసుకోకమ్మా, పాదాలమీద పోసుకో, తరవాత మోకాళ్లు, చేతులు, ఆఖరున వీపు" అన్నారు. షవరు కట్టేసి బకెట్, చెంబు అందుకున్నాను. గుండెకు దూరంగా ఉన్నచోటు నుంచి దగ్గరికి రావడమన్న ఈ పద్ధతినే జర్మనీలో జలచికిత్స చేసిన క్నైప్ అనే మతగురువు కూడా చెప్పారని తరువాత చదివాను. అత్తయ్యగారికి మాత్రం వాళ్ల అమ్మ చెప్పింది. ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం ముగించి, చివరి నాలుగైదు చెంబులే చన్నీళ్లు పోసుకోవాలన్నది నేను పెట్టుకున్న నియమం. చేతులదాకా బాగానే ఉంది. వీపు మీద చెంబు పడగానే నోరు తెరుచుకుని గాలి లోపలికి లాగేసుకున్నాను, ఆ గాలిని బయటికి వదలడం చేతకాలేదు. భుజాలు చెవులదాకా లేచాయి. భయమనలేను గాని, శరీరం నా చేతిలోంచి జారిపోయిన భావన కలిగింది. అది అరనిమిషంలో తగ్గిపోయింది కాని, ఆ అరనిమిషం నిజంగా పొడుగైనది.

అత్తయ్యగారు స్నానం చేసేటప్పుడు ఏడు నదుల పేర్లు కలిసిన స్నాన శ్లోకం పైకి చదువుతారు. ఆవిడ గొంతులో ఎక్కడా తడబాటు ఉండదు. నేను ప్రయత్నిస్తే మొదటి వారమంతా గోదావరి దగ్గరో సరస్వతి దగ్గరో గుక్క తెగిపోయేది. నాకు ఇదే కొలబద్ద అయింది. గడియారం చూసుకుంటూ ఎంతసేపు తట్టుకున్నానని లెక్కపెట్టడం కంటే, శ్లోకం తెగకుండా వచ్చిందా లేదా అని చూసుకోవడం వల్ల ధ్యాస ఊపిరి వదలడం మీదికి వెళ్లింది. మాట బయటికి రావాలంటే గాలి బయటికి పోక తప్పదు కదా. నవంబరు మూడో వారానికి కావేరిదాకా ఒకే గొంతుతో వెళ్లగలిగాను. చల్లటి నీళ్లు తాకగానే ఊపిరి ఎగబీల్చడం చర్మంలోని చలి నాడుల వల్ల అప్రయత్నంగా జరిగే పని అనీ, అది మొదటి అరనిమిషంలోనే తీవ్రంగా ఉండి తరువాత నెమ్మదిస్తుందనీ, కొన్నిసార్లు చేసి అలవాటైతే చాలావరకు తగ్గిపోతుందనీ డాక్టరు తరువాత వివరించారు. చెరువుల్లో, నదుల్లో చలిపొద్దున ఒక్కసారిగా దూకినవాళ్లు ఈతగాళ్లైనా ప్రమాదంలో పడటానికి ఇదే కారణం. ఆ తొలి ఎగశ్వాస నీళ్లలో మునిగి ఉండగా వచ్చిందంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పౌర్ణమికి నది స్నానానికి వెళ్లినప్పుడు కూడా నేను మెట్లమీదే కూర్చుని చెంబుతో పోసుకున్నాను.

చన్నీళ్లు అన్నవి అన్ని పూటలా ఒకే చల్లదనంతో ఉండవన్నది నాకు థర్మామీటరు నేర్పిన పాఠం. తెల్లవారుజామున మోటారు వేసి బోరు నీళ్లు నేరుగా పట్టుకుంటే 26 డిగ్రీల దగ్గర ఉండేవి, ఆ చలిలో ఆవిరి కూడా లేచేది. రాత్రంతా మేడమీద ట్యాంకులో నిలిచిన నీళ్లు నవంబరు మొదట్లో 21, నెలాఖరుకు 18. డిసెంబరు మధ్యలో ఆదిలాబాదు కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగిన రోజుల్లో అవే నీళ్లు 15కు వచ్చాయి. ఆ మూడు డిగ్రీల తేడా చదివేవారికి అల్పంగా కనిపించవచ్చు, వీపుకు మాత్రం అది వేరే నీళ్లు. కార్తీకం డిసెంబరు 1తో ముగిసింది, అత్తయ్యగారు పోలి దీపాలు వదిలి ఊరికి వెళ్లిపోయారు, నేను మానలేదు. చన్నీళ్ల వంతు ఒక నిమిషం దాటించకుండా ఉంచుకున్నాను.

ఆ డిసెంబరులో నన్ను ఆశ్చర్యపరచింది స్నానం కాదు, స్నానం తరువాతి పావుగంట. నీళ్ల కింద ఉన్నంతసేపూ బాగానే ఉండి, ఒళ్లు తుడుచుకుని చీర కట్టుకుంటుండగా వణుకు మొదలయ్యేది. పిన్నీసు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించేవి కావు. బయటికి వచ్చాక కూడా చల్లబడిన చర్మం నుంచి చలి లోపలికి పాకుతూనే ఉంటుంది కనుక, తుడుచుకోవడం, వెచ్చటి బట్ట వేసుకోవడం, నాలుగు అడుగులు నడవడం వెంటవెంటనే జరగాలి. స్నానం కాగానే స్కూటరు మీద బయలుదేరకూడదని ఒక్కరోజుతోనే తెలిసింది. రైల్వే గేటు దాటేసరికి వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు నొక్కడం కష్టమైంది. అప్పటి నుంచి స్నానానికీ ప్రయాణానికీ మధ్య అరగంట పెట్టుకున్నాను. తలస్నానం మాత్రం ఆదివారానికే, అదీ ఎండ వచ్చాక, వేణ్నీళ్లతోనే. ఒత్తైన జుట్టు తడిసి చలిలో ఆరకపోతే వచ్చే తలనొప్పిని ఏ నిబ్బరమూ ఆపలేదు.

జలుబు సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ నన్ను ముందు అడిగేది అదే. డిసెంబరు మొదటి వారంలో జలుబు చేసింది. మామూలుగానే చేసింది, ముక్కు కారడం, గొంతు గరగర, రాత్రి దగ్గు, ఏదీ తప్పలేదు. కార్తీకమంతా నియమంగా చేసినదానికి ఇదా ఫలమని నీరసం ముంచుకొచ్చింది, నాలుగు రోజులు గోరువెచ్చటి నీళ్లకే పరిమితమయ్యాను. తీరా లెక్క చూసుకుంటే, ఏటా ఆ జలుబుకు రెండు రోజులు సెలవు పెట్టేదాన్ని, ఈసారి పెట్టలేదు. నెదర్లాండ్స్‌లో మూడువేల మందికి పైగా పాల్గొని, 2016లో ప్రచురితమైన పరిశోధన ఒకటి ఉంది. వేడి షవరు చివర ముప్పై, అరవై, తొంభై సెకన్లు చన్నీళ్ల కింద నిలబడమని మూడు బృందాలకు చెప్పి నెల రోజులు చేయించారు. చన్నీళ్లు పోసుకున్నవారు అనారోగ్యంతో ఉద్యోగానికి వెళ్లకుండా ఉండటం 29 శాతం తగ్గింది, కాని ఒంట్లో బాగాలేని రోజుల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముప్పై సెకన్లకూ తొంభై సెకన్లకూ కూడా తేడా లేదు. నాకు జరిగింది సరిగ్గా ఆ మొదటి ముక్కే కనుక, చన్నీళ్లు రోగనిరోధక శక్తిని పెంచుతాయని గట్టిగా చెప్పేవారితో నేను గొంతు కలపలేను. జలుబు వచ్చింది, నేను పనికి వెళ్లాను, అంతే. పైగా ఆ సెలవులు పెట్టకపోవడంలో సగం, ఇంత చేసి పడుకోవడమేమిటన్న పట్టుదల కాదని ఎవరు చెప్పగలరు?

పడుకునే ముందు చన్నీళ్లు పోసుకుంటే నిద్ర బాగా పడుతుందని ఎవరో అంటే వారం రోజులు అదీ చేశాను. కళ్లు బల్బుల్లా తెరుచుకుని పదకొండు దాకా నిద్ర రాలేదు. అదే సాయంత్రం పూట కాళ్ల తొట్లు పెట్టుకుని, వాపు తగ్గాక ఆఖరి విడత వేడినీళ్లతో ముగించిన రోజుల్లో చక్కగా నిద్రపట్టింది. ఉదయం స్నానం తరువాత గంట రెండు గంటలు మనసు చురుగ్గా, తేటగా ఉండటం మాత్రం నిజం. దీన్ని చెప్పేటప్పుడు వీడియోల్లో, ఉత్సాహానికి ముడిపెట్టే డోపమైన్ అనే రసాయనం 250 శాతం పెరుగుతుందని ఒక అంకె వినిపిస్తుంటారు. ఆ అంకె 2000లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలోనిది. అందులో యువకులను 14 డిగ్రీల నీళ్లలో మెడదాకా గంటసేపు కూర్చోబెట్టారు. నిమిషం షవరుకు ఆ అంకెను అతికించడం, గంగాళం పాలకు చెప్పిన లెక్కను గరిటెకు చెప్పడమే.

సంక్రాంతికి కోనసీమ వెళ్లాం. జనవరి 13న భోగినాడు నువ్వులనూనె, నలుగు, పొగలు కక్కే వేణ్నీళ్లు. ఆ రోజు చన్నీళ్ల మాట ఎత్తితే అత్తయ్యగారే ఊరుకోరు. ఆ ఇంటి వెనక వసారాలో వీపు ఆనించుకోవడానికి ఏటవాలుగా ఎత్తుచేసిన పాత రేకు తొట్టి ఒకటి ఉంది. అత్తయ్యగారి నాన్నగారు ప్రకృతి వైద్యం నమ్మినవారు, రోజూ తొట్టి స్నానం చేసేవారట. జర్మనీకి చెందిన లూయీ కూనే జలచికిత్స గ్రంథాన్ని వెంకటాచలపతి శర్మగారు 1894లోనే తెలుగులోకి తెచ్చారు కనుక ఆ తరానికి ఇది కొత్త విద్య కాదు. పట్టుబట్టి నేనూ కూర్చున్నాను. నీళ్లు బొడ్డుదాకా ఉంటాయి, కాళ్లు తొట్టి బయట పొడిగా ఉంటాయి, తడిబట్టతో పొత్తికడుపును కుడినుంచి ఎడమకు మెల్లగా రుద్దుతూ పది నిమిషాలు కూర్చోవాలి. షవరులో కలిగే ఉలికిపాటు ఇందులో లేదు. చల్లదనం నెమ్మదిగా నడుములోకి ఇంకుతుంది, భుజాలు మాత్రం వెచ్చగానే ఉంటాయి. వారం తరువాత ఆదిలాబాదు వచ్చి ట్యాంకు నీళ్లు పోసుకుంటే గుక్క కొంచెం పట్టింది కాని, నవంబరు 2 నాటంత కాదు.

చీలమండ వాపు ఫిబ్రవరిలో పూర్తిగా తగ్గింది. ఒంటికాలి మీద నిలబడటం, మునివేళ్ల మీద లేవడం వంటి వ్యాయామాలకే అందులో పెద్ద వాటా అని నా నమ్మకం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, నాకు ఊహించని చిక్కు ఎదురైంది. మార్చి ఆఖరుకు తెల్లవారుజాము ట్యాంకు నీళ్లు 27 దాటాయి. ఏప్రిల్ మధ్యాహ్నం చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి వెనక్కి లాక్కోవలసి వచ్చింది, థర్మామీటరు 41 చూపించింది. చన్నీళ్ల స్నానం గురించి రాసేవారంతా చలిదేశాల వాళ్లు కావడంతో, మంచు కరిగిన నీళ్లు కుళాయిలో వస్తాయన్న ధీమాతోనే సలహాలు ఇస్తారు.

సంతలో నాలుగు వందలకు పెద్ద రంజన్ (నీళ్ల మట్టికుండ) కొని, కింద ఇసుక పోసి, స్నానాల గది బయట గాలి ఆడేచోట పెట్టించాను. రాత్రి నింపితే తెల్లారేసరికి నీళ్లు 22, 23కు దిగుతున్నాయి. ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కనుక కుండ బాగా చెమర్చి నీళ్లను చల్లబరుస్తుంది. ఇదే రంజన్ ఉక్కపోతల కోనసీమలో ఇంత పని చెయ్యదని అత్తయ్యగారు ఫోనులో నవ్వారు. మే నెలలో కాలు అలసిపోయిన రోజున తొట్లు పెట్టుకోవాలంటే గీజరు అవసరమే లేకుండా పోయింది. ట్యాంకు నీళ్లు వేడి టబ్బులోకి, రంజన్ నీళ్లు చల్లని టబ్బులోకి. తేడా పదిహేను డిగ్రీలే ఉంటుంది కనుక నొప్పి పుట్టదు, హాయిగా ఉంటుంది.

డాక్టరు ఫీజు, ఈసీజీ, టబ్బులు, థర్మామీటరు, జారకుండా వేసుకున్న రబ్బరు మ్యాటు, రంజన్, ఐసు అన్నీ కలిపి రెండున్నర వేలలోపే అయ్యాయి. ఫిజియోథెరపీ ఖర్చు దీనికి వేరు. నిబ్బరం పెరిగిందా అని అడిగేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటి. మార్చి 31 రాత్రి ఖాతాల ముగింపు వేళ సిస్టం ఆగిపోయి, బ్రాంచి అంతా ఒకరిమీద ఒకరు అరుచుకుంటుంటే, నేను స్క్రీను ముందు కూర్చుని నోటితో నెమ్మదిగా గాలి వదులుతున్నానని పక్క సీటు అమ్మాయి చెబితే గాని నాకు తెలియలేదు. అంతకుముందు సంవత్సరం అదే రాత్రి నేను ఏడ్చాను. తేడా చన్నీళ్లదో, ఆ కుర్చీలో ఇంకో ఏడాది గడిచిన అనుభవానిదో విడదీసి చెప్పడం నావల్ల కాదు. ఏడాది తిరిగేలోగా ఇంకోసారి రమ్మని డాక్టరు అన్నారు కనుక, మళ్లీ కార్తీకం రాకముందే ఈసీజీ తీయించుకుంటాను. ఈసారి టోకెన్ పొద్దున ఎనిమిదింటికే తీసుకోవాలి.